డేటాబేసు మార్చుటకు ముందు రెండు జాబితాలు చదువవలెను

సహకార సంఘముల పద్దులు కాగితపు పుస్తకములనుండి కంప్యూటరునకు మారుచున్న కాలమిది. 2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. ఆ పథకమున సాఫ్టువేరు అందరికిని ఒక్కటే గనుక చిన్న సంఘమునకు ఎన్నుకొను శ్రమ లేదు. పరపతితోపాటు విత్తనములు, ఎరువులు, ధాన్యము, పత్తి వ్యాపారము సాగించు పెద్ద సంఘములు తమ డేటాబేసును తామే కొని యుంచుకొన్నచో వారి సంగతి వేరు. మైక్రోసాఫ్టువారి ఎస్.క్యూ.ఎల్. సర్వరు 2016 విడుదలకు పొడిగించిన మద్దతు 2026 జూలై 14తో ముగియునట్లు ఆ సంస్థ నిర్ణయించినది. దానిని వాడువారు క్రొత్త విడుదలకు మారక తప్పదు. ఏ విడుదలకు, ఏ ఎడిషనుకు మారవలెననునదే ప్రశ్న.

ఇందులో వ్యవసాయ ప్రదర్శకునికేమి పనియని చదువరులడుగవచ్చును. ఖర్చగు ధనము సభ్యులది. త్రవ్వబడు పద్దులు సభ్యుల అప్పుల పద్దులు. అందుచేత పొలముగట్టున నడచువాడును దీనిని గూర్చి మాటాడవచ్చును.

డేటా మైనింగనగా వేలకొలది పద్దులను యంత్రముచేత చదివించి, కంటికి కానరాని పోలికలను వెలికి తీయుట. ఏ నేలలో ఏ పైరు వేసినవారు ఏ మాసమున బాకీ తీర్చిరి, ఒక ఎరువు కొన్నవారు వెంట మరేమి కొనిరి, రాబోవు వానాకాలమునకు ఎంత యూరియా తెప్పించవలెను, ఇట్టివానికి అది జవాబు వెదకును. ఎస్.క్యూ.ఎల్. సర్వరులో ఇందుకు 9 పద్ధతులు కూర్చబడినవి. ఉచితముగా వచ్చు ఎక్స్‌ప్రెస్ ఎడిషనులో ఈ శాఖయే లేదు. స్టాండర్డు ఎడిషనులో ఆ పద్ధతులన్నియు కలవు. ఎంటర్‌ప్రైజు ఎడిషనులో మాత్రమే క్రాస్ వ్యాలిడేషను, పద్ధతులను సూక్ష్మముగా దిద్దుకొను వీలు, ఒక వరుస ధరలనుబట్టి మరియొక వరుస ధరలను ఊహించు సదుపాయము మొదలగునవి యున్నవి. దాని వెల స్టాండర్డునకు దాదాపు నాలుగింతలు.

క్రాస్ వ్యాలిడేషను అనునది మనకు తెలియని విద్య కాదు. క్రొత్త వంగడమును ఒక్క మడిలో వేసి, పంట బాగుగానున్నదని ఊరంత చాటుట తగదు. నాలుగైదు మడులలో మార్చి మార్చి వేసి, ప్రక్కన పాత వంగడమును పోలికకు ఉంచి చూడవలెను. యంత్రము చెప్పిన సూత్రమును అట్లే పద్దులను భాగములుగా విడదీసి, ఒక్కొక్క భాగముపై పరీక్షించుటయే ఇది. మంచి సదుపాయమే. అయినను 2022 వరకు గల పద్దులతో సూత్రము కట్టి, 2023 పద్దులతో సరిచూచుట ఏ ఎడిషనుతోనైనను చేయదగిన పని. దీనికై నాలుగింతల వెల యేల?

ధరల జోస్యము మాట మరియు విచిత్రము. జమ్మికుంట ధరనుబట్టి ఆదిలాబాదు పత్తి ధర చెప్పవచ్చునని ఆశ పెట్టుకొనువారు ఒకటి తలపవలెను. పదేండ్ల పద్దులలో వానాకాలము, యాసంగి కలిపినను ఇరువది కార్లే. మద్దతుధర, కాటను కార్పొరేషను కొనుగోళ్లు, విదేశపు ధరలు మన సంఘపు పద్దులలో లేవు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యిది. డేటా మైనింగును ఇక తీసివేయుదుమని మైక్రోసాఫ్టువారు 2017 విడుదలలోనే తెలిపి, 2022 విడుదలలో తీసివేసిరి. కావున 2022 విడుదలకు మారువారు ఎంత పెద్ద ఎడిషను కొన్నను ఆ 9 పద్ధతులలో ఒకటియు లభింపదు. 2019 విడుదలలో అవి కలవు. దాని మద్దతు 2030 జనవరి 8 వరకు. ఎడిషనుల జాబితానొక్కదానినే చూచి, విడుదలల జాబితాను చూడనివాడు ఎద్దును కొని కాడిని పోగొట్టుకొన్నవాడగును. పద్దులుంచు సాఫ్టువేరే పద్దులను చదువవలెనను నియమమును లేదు. పట్టికను బయటికి తీసి, ఉచితముగా దొరకు ఆర్, పైథాన్, న్యూజీలాండు వైకాటో విశ్వవిద్యాలయమువారి వేకా వంటివానితో చదివించవచ్చును. నా మతమున స్టాండర్డు ఎడిషను చాలును. మిగిలిన ధనమును పద్దులు శుభ్రపరచుటకు వెచ్చించుట మేలు.

పద్దుల సంగతి చూడుడు. 1956లో స్థాపింపబడిన ప్రసిద్ధ సంఘము గల ముల్కనూరు 2016 అక్టోబరు వరకు కరీంనగరు జిల్లాలోనిది. పిమ్మట వరంగల్లు అర్బను, 2021 నుండి హనుమకొండ. ఊరు కదలలేదు, జిల్లా పేరు రెండుమార్లు మారినది. పాత ఆదిలాబాదు నాలుగు జిల్లాలైనది. ఈ మార్పును చెప్పనిచో యంత్రము ఒక్క ఊరిని మూడూళ్లుగా ఎంచును. రుణమాఫీలు మరియొక చిక్కు. 2014లోను, 2018లోను, 2024లోను ప్రకటింపబడిన మాఫీలచే తీరిన బాకీ, రైతు చేతినుండి తీరిన బాకీ ఒకే గడిలో వ్రాయబడినచో, యంత్రము మాఫీకై వేచినవానిని నాణెమైనవాడనియు, కష్టపడి కట్టినవానితో సమానుడనియు తలచును.

కౌలుదారుని మాట అంతకంటె బరువైనది. అప్పు పట్టాదారు పేర, సేద్యము మరియొకనిది. 2018లో ఆరంభమైన రైతుబంధు సాయము కూడ పట్టాదారునికే చేరినది. పద్దులో లేనివానిని ఏ ఎడిషనును కనిపెట్టలేదు. ఆదిలాబాదు నల్లరేగడిలో వానను నమ్మి పత్తి వేయువాడు కరవు వచ్చిన ఏట బాకీ పడును. ఆ రెండు మూడేండ్ల పద్దులు చూచి యంత్రము వర్షాధారపు పత్తికి అప్పీయరాదని సూత్రము కట్టును. కాలువ క్రింద వరి వేయువాడు దానికి ఉత్తముడుగ తోచును. అప్పు ఎవనికి ఎక్కువ అవసరమో వానిని త్రోసివేయుటకు సహకార సంఘమేల? వడ్డీ వ్యాపారి ఆ పనిని కంప్యూటరు లేకయే చేయుచున్నాడు.

అందుచేత పాలకవర్గమువారు కొనుగోలు తీర్మానమునకు ముందు రెండు జాబితాలను సర్వసభ్య సమావేశమున చదివి వినిపింపవలెను: ప్రస్తుతము వాడుచున్న సదుపాయములేవి, క్రొత్తదానిలో పోవునవి ఏవి. మూడేండ్లుగా ఎవరును తెరవని సదుపాయమునకు వెల కట్టనక్కరలేదు. యంత్రపు సూత్రమును ఎరువుల నిల్వకు వాడుకొనుడు. తప్పినచో కొన్ని బస్తాలు మిగులును. అప్పు నిరాకరణకు మాత్రము కార్యదర్శి కారణమును తెలుగున వ్రాసి, సంతకముతో సభ్యుని చేతికీయవలెను.