దారి చూపించుకొనుట, దారి తెలియుట

మన బాలబాలికలు దారి చూపించుకొనుటలో నేర్పరులైరి. దారి తెలిసికొనుట మఱచుచున్నారు. ఫోను కుడికి తిరుగుమనిన కుడికి, ఎడమకు తిరుగుమనిన ఎడమకు తిరుగుదురు. ఉత్తరమెటో చెప్పుమనిన ఆకసమువంక చూడరు, అఱచేతివంక చూతురు. ఈ లోపమును దీర్చుటకు క్రొత్త పాఠ్యగ్రంథ మక్కఱలేదు. పాశ్చాత్యదేశముల వ్యాపించిన యొక యాట చాలును. దానిపేరు జియోకాషింగ్. అందులోను పెక్కు మజిలీలు గలిగి, మల్టీ కాష్ అని పిలువబడు వేటయే మా దృష్టిలో విద్యాలయములకు తగినది.

ఈ యాట పుట్టుక రాజకీయ పాఠకులు గుర్తింపదగినది. అమెరికా సైన్యము నెలకొల్పిన జి.పి.యస్. ఉపగ్రహముల సంకేతమును ఆ ప్రభుత్వము పౌరులకు బుద్ధిపూర్వకముగా మసకజేసి యిచ్చుచుండెను. అందువలన చోటు గుర్తించుటలో సుమారు 100 మీటరులవఱకు తప్పు వచ్చుచుండెను. 2000 సంవత్సరము మే 1వ తేదీన అధ్యక్షుడు క్లింటను ఆ మసకను తొలగింతుమని ప్రకటించెను. మే 3వ తేదీననే డేవ్ అల్మరు అనునాయన ఆరిగన్ రాష్ట్రమున బీవర్‌క్రీకు సమీపమున నొక బకెట్టును దాచెను. అందు పుస్తకములు, చిక్కుడుగింజల డబ్బా, ఉండేలు, పేర్లు వ్రాయుటకు చిట్టా, పెన్సిలు ఉండెను. ఆ చోటి అక్షాంశ రేఖాంశములను లోకమునకు వెల్లడింపగా మూడు దినములలో ఇద్దరు దానిని కనుగొనిరి. ఇంగ్లండులో డార్ట్‌మూర్ బీడులయందు 1854లోనే జేమ్స్ పెరట్ అను మార్గదర్శి యాత్రికుల చీటీలకై సీసా నొకదానిని పెట్టియుండెను గనుక ఈ వేడుక వేళ్లు పాతవియే.

ఒంటిపెట్టె వేటలో తెరమీది బాణపుగుర్తు ననుసరించిన చాలును. మజిలీల వేట యట్టిది కాదు. మొదటి చోట పెట్టె యుండదు. శిలాఫలకమో వంతెనయో యుండును. ఫలకముమీది సంవత్సరమును, మెట్ల సంఖ్యను గ్రహించి, ఇచ్చిన సూత్రములో నుంచి గణించిననే గాని రెండవ చోటు తెలియదు. అచ్చట "ఇన్ని డిగ్రీల దిక్కున ఇన్ని మీటరులు" అను మాట మాత్రమే దొరకవచ్చును. అప్పుడు దిక్సూచి పట్టి అడుగులు లెక్కించుచు పోవలెను. దస్తావేజులో తూర్పుహద్దు తప్పుగా వ్రాసినచో తక్కిన మూడు హద్దులు ఎంత సరిగానున్నను భూమి తేలదు. ఈ వేటయందును అంతే. తప్పు చేసినవానిని ఉపాధ్యాయుడు దండింప నక్కఱలేదు. తరువాతి మజిలీయే చెప్పును.

అల్మరు చెప్పిన చోటు ఉత్తర అక్షాంశము 45 డిగ్రీల 17.460 నిమిషములు, పశ్చిమ రేఖాంశము 122 డిగ్రీల 24.800 నిమిషములు. 17.460 నిమిషములను 17 నిమిషముల 46 సెకనులని చదివినవాడు అరకిలోమీటరునకు పైగా ఉత్తరమున తేలును. అవి నిజమునకు 17 నిమిషముల 27.6 సెకనులు. అక్షాంశమున నిమిషములో వేయవవంతు సుమారు 1.85 మీటరులు. రేఖాంశమున అదే వేయవవంతు ఆరిగనులో 1.3 మీటరులకు దిగును. మన విజయవాడలో సుమారు 1.78 మీటరులు. ధ్రువములవైపు పోవుకొలది రేఖాంశములు దగ్గఱపడుటయే కారణము. గోడపటముమీద ఈ సంగతి చూచినవాడు పరీక్ష కాగానే మఱచును. పొదలలో చేతులు గీచుకొనుచు వెదకినవాడు మఱవడు. దిక్సూచి ముల్లు ఆరిగనులో నిజమైన ఉత్తరమునకు తూర్పుగా సుమారు 15 డిగ్రీలు తొలగియుండును. దానిని సవరింపక కిలోమీటరు నడచినవాడు గమ్యమునకు 260 మీటరుల దూరమున నిలుచును. మన సీమలో ఆ తొలగుట స్వల్పము. మన పిల్లల కిది యొక సౌలభ్యమే.

భూమిని కొలుచు విద్య మనకు పరాయిది కాదు, పరాయిచేతిలో నుండెను. 1802లో లాంబ్టను మద్రాసువద్ద ఆధారరేఖను కొలిచి ప్రారంభించిన మహాసర్వే అనంతపురము, కర్నూలు సీమలమీదుగా ఉత్తరమునకు సాగెను. జెండాలు పట్టినవారు, సామాను మోసినవారు ఈ దేశస్థులు, పటము కుంపిణీది. స్వరాజ్యము వచ్చిన పిదపను పటములపై ఆంక్షలు చాలకాలము నిలిచెను. 2021 ఫిబ్రవరి 15వ తేదీ మార్గదర్శకములతోగాని భారతీయులు ముందస్తు అనుమతి లేక పటములు తయారుచేయు వీలు కలుగలేదు. శ్రీహరికోటనుండి మన నావిక్ ఉపగ్రహములు లేచినవి. ఏడవది 2016 ఏప్రిల్ 28న లేచెను. సంతోషమే. కాని వానిలో మొదటిదానియందలి మూడు పరమాణు గడియారములును చెడిపోయిన సంగతియు మఱవరాదు. పరులు మసకజేయగలిగినదానిని, మన చేతిలోనే చెడగలిగినదానిని మాత్రమే నమ్ముకొని మొత్తము తరమును పెంచుట వివేకమా? 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినపుడు విద్యుత్తును, ఫోనులును ఏమైనవో ఆ నగరవాసుల నడుగుడు.

ఇది ధనికుల వినోదమని యొక యాక్షేపణ. గుంపునకొక ఫోను మొదటి మజిలీకి చాలును. తక్కినవానికి చౌక దిక్సూచి, దారము, కోణమానిని చాలును. విజయవాడలో ధ్రువనక్షత్రము క్షితిజముపై సుమారు 16½ డిగ్రీల ఎత్తున నుండును. ఆ ఎత్తే ఆ యూరి అక్షాంశము. రాత్రి మజిలీ కింతకన్న నేమి కావలెను?

చట్టము తెలిసినవారి యాక్షేపణ బలమైనది. 2011 జూలైలో ఇంగ్లండునందలి వెదర్బీ పట్టణమున వీధిలో దాచిన యొక చిన్న పెట్టెను బాంబని శంకించి సైనికులు పేల్చివేసిరి. మనదేశమున నట్టి శంక మఱింత త్వరగా పుట్టును. కావున స్థలయజమాని యనుమతి వ్రాతమూలముగా నుండవలెను. పోలీసుఠాణాకు ముందు తెలుపవలెను. పెట్టెపై పాఠశాల పేరు స్పష్టముగా నుండవలెను. దేవాలయ ప్రాకారములు, రైలుకట్టలు, చెఱువుగట్లు విడువవలెను. నేల త్రవ్వరాదనియు, వేర్వేఱు వేటల పెట్టెలనడుమ 161 మీటరుల దూరముండవలెననియు ఆటవారి నియమములు. అవి మనకును మంచివే.

ప్రతి ఉన్నత పాఠశాలయు ఏటికొకసారి నాలుగు మజిలీల వేటను తన యూరిలోనే ఏర్పఱుపవచ్చును. ఊరి శాసనము, పాత వంతెన, గ్రంథాలయపు స్థాపన సంవత్సరము అంకెల నిచ్చును. మార్కులు లేనిది విద్య కాదను అధికారులెవరైన నడ్డువచ్చినచో, చివరి పెట్టెలోని చిట్టాలో విద్యార్థుల చేవ్రాళ్లుండును, వచ్చి చూచుకొనవచ్చును. ఆ చోటికి దారి మాత్రము వారే కనుగొనవలెను.