ఏ నాణెము శరణ్యము?

డాలరు కుంగుచున్నదను మాట నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములవారికి పరదేశపు ముచ్చట కాదు. బిడ్డను అమెరికాకు పంపిన తల్లిదండ్రులు ఇచ్చట కలరు. తాము చెక్కిన దేవతామూర్తులను సముద్రములు దాటించు ఆళ్లగడ్డ శిల్పులు కలరు. డాలరు నమ్మదగనిదైనచో కష్టార్జితమును ఏ దేశపు నాణెమున దాచుకొందుమని వారడుగుట న్యాయమే.

2025 మొదటి ఆఱు నెలలలో ప్రధాన దేశముల ద్రవ్యములతో పోల్చగా డాలరు పదింట నొకవంతుకు పైగా క్షీణించినది. 1973 తరువాత ఏ సంవత్సరపు పూర్వార్ధమునను ఇంతటి పతనము లేదు. అయినను ఆ యేటి డిసెంబరులోనే డాలరు వెల 90 రూపాయలు దాటినది. కుంగిన డాలరు ముందఱ మన రూపాయి మఱింత కుంగినది! డాలరు పడినంతమాత్రమున మనము లేచితిమని భ్రమింపరాదు.

ఇక శరణాలయములని పేరొందినవాని సంగతి చూతము. జనులెల్లరు స్విస్సు ఫ్రాంకును ఆశ్రయింపగా దాని విలువ మితిమీఱి, ఆ దేశపు ఎగుమతులకు చేటు వాటిల్లినది. అందుచే 2011లో అచ్చటి కేంద్ర బ్యాంకు యూరోకు 1.20 ఫ్రాంకులని ఒక కట్ట వేసెను. 2015 జనవరి 15న ముందుమాటయైన లేక ఆ కట్టను తానే తెగగొట్టెను. ఆపత్కాలపు ఆశ్రయమని పొగడ్తలందిన జపాను యెన్ను 2024లో డాలరునకు 160 దాటి, 1986 తరువాత ఎన్నడును లేనంతగా దిగజాఱెను. 2022లో సుమారు 300 బిలియను డాలర్ల రష్యా నిధులు స్తంభింపబడినవి. అందధికభాగము యూరోపునందే యుండెను. పరుల ఇంట దాచిన ధనమునకు తాళపుచెవి పరులచేతనే యుండును.

మన పెద్దలెఱిగిన నాణెమొకటి కలదు. ఆళ్లగడ్డ చెంతనున్న అహోబిలమున శ్రీకృష్ణదేవరాయలు స్వామికి వరహాలు సమర్పించినట్లు శాసనము చెప్పుచున్నది. 1565లో తళ్లికోట యుద్ధముతో విజయనగరము కూలెను, వరహా కూలలేదు. 1818లో మద్రాసు రాజధానియందు రూపాయి ప్రమాణమగువఱకు అది చెల్లుచునే యుండెను. దానిని నిలిపినది రాజముద్ర కాదు, అందలి పసిడి.

ఆ పసిడియే మన కడపటి దిక్కైన దినములును కలవు. 1931లో ఇంగ్లండు బంగారు ప్రమాణమును విడిచినప్పుడు, తెల్లదొరలు రూపాయిని 18 పెన్సుల వెలకు పౌను కొంగుననే ముడివేసిరి. పంటల ధరలు పడిపోయి అప్పులలో మునిగిన రైతుల ఇండ్లలోని నగలు కరగి ఓడలెక్కెను. 1991లో స్వతంత్ర భారతమే సుమారు 47 టన్నుల బంగారమును విదేశములలో తాకట్టు పెట్టవలసివచ్చెను. 2025 మార్చి నాటికి రిజర్వు బ్యాంకు నిల్వ దాదాపు 880 టన్నులకు చేరుట ఆ గుణపాఠ ఫలమే.

అట్లని పొలము కుదువబెట్టి బంగారము కొనుడని మేము చెప్పము. 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లకెక్కిన బంగారము మరల ఆ మెట్టు చేరుటకు 2008 వఱకు పట్టినది. బిడ్డ చదువునకు డాలర్లే చెల్లింపవలసినవారు ఆ మేరకు డాలర్లనే ఉంచుకొనుట మేలు. రూపాయలలో అప్పున్నవారు ముందు అప్పు తీర్చుకొనుట మేలు. తక్కినది ఒక్కచోటనే పెట్టకుండుట మేలు. విదేశ నాణెముల జూదముతో రాత్రికి రాత్రి ధనికులను చేయుదుమనువారి మాట నమ్మరాదు. అనుమతి లేని అట్టి వ్యాపారుల పట్టికను రిజర్వు బ్యాంకే ప్రకటించియున్నది.

దత్తమండలములను పేరును త్రోసిపుచ్చి ఈ సీమ రాయలసీమ యను పేరు దాల్చినది 1928 నాటి నంద్యాల సభలోనే. ఆ పాతపేరు వచ్చుటకు హేతువేమి? కుంపినీ సైన్యపు వ్యయమునకై నైజాము 1800లో ఈ భూములను ధారపోయుటయే కదా! అద్దెకు తెచ్చుకొన్న బలమునకు వెల భూమియే అయినది. పరదేశపు నాణెమును అద్దెనీడగా భావింపవచ్చును గాని సొంత ఇల్లని నమ్మరాదు. మన పొలము పండించునది, మన ఉలి చెక్కునది, అప్పు లేని మన గడప: ఇవియే రూపాయికి బలము, మనకు శరణ్యము.