జ్వాలాపురం గాజుపొడి

పొయ్యిలో బూడిదతో అంట్లు తోముకున్న రోజులు తెలుగునాట ఇంకా చాలామందికి గుర్తే. అందుకేనేమో, నంద్యాల జిల్లా బనగానపల్లె మండలం జ్వాలాపురంలో నేల కింద బయటపడ్డ తెల్లటి మెత్తటి పొరనూ జనం అదే లెక్కలో వేశారు. గిన్నెలు తోమే పొడుల కోసం తవ్వి తరలించారు.

దీన్ని అగ్నిపర్వత బూడిద అంటారు గానీ, అందులో కాలి బూడిదైనదంటూ ఏమీ లేదు. సుమారు 74 వేల ఏళ్ల కిందట ఇండొనేసియాలోని సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు, దాదాపు 2,600 కిలోమీటర్లు గాలిలో వచ్చి పడ్డ గాజుపొడి అది. శిలాద్రవంలో నురగలా లేచిన బుడగలు పగిలి గట్టిపడ్డ పెంకులు. చిటికెడు తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే వంపు తిరిగిన రేకులు, ఇంగ్లిష్ ‘వై’ అక్షరంలాంటి ముక్కలు కనిపిస్తాయి. మూడు బుడగలు ఆనుకున్న చోట విరిగితే వచ్చే ఆకారమది. వాటి మధ్య అక్కడక్కడా బయొటైట్ అనే నల్ల అభ్రకం మెరుస్తుంది. గిన్నె తళతళలాడేది ఆ గాజు అంచుల గీరుడుకే.

పేరులో జ్వాల ఉంది కదా అని ఊరి పక్కన అగ్నిపర్వతం ఏమీ లేదు. మరి ఇది టోబాదని ఎలా తేల్చారు? ఒక్కో గాజుముక్క మీదికి సన్నని ఎలక్ట్రాన్ పుంజాన్ని పంపి, వెలువడే ఎక్స్-కిరణాలను బట్టి ఏ మూలకం ఎంతుందో లెక్కగడతారు. నీటిని మినహాయిస్తే నూటికి 77 పాళ్ల దాకా సిలికా, ఎక్కువ పొటాషియం, తక్కువ ఇనుము... ఇవీ గుర్తులు. వీటితోనే పని అయిపోదు. టోబా అంతకుముందూ పేలింది, ఆ గాజుల కూర్పూ దీనికి దగ్గరగానే ఉంటుంది. మహారాష్ట్రలో కుకడి నది ఒడ్డునున్న బోరి బూడిద ఏ పేలుడుదో తేలక, దాని వయసు మీద పండితులు ఏళ్ల తరబడి వాదులాడుకున్నారు. అందుకే బయొటైట్ రసాయనం, పొరల వరస, కాలనిర్ణయం అన్నీ కలిపి చూడాలి. పొర చెదిరిందంటే సాక్ష్యం పోయినట్టే.

ఇలాంటి బూడిదే వానలు దండిగా కురిసే చోట నేల పైన పడి ఉంటే ఇన్నాళ్లు గాజుగా నిలిచేది కాదు. జపాన్‌లోని ‘కురోబోకు’ నల్లనేలల్లో నీళ్లు గాజును కరిగించి అలోఫేన్, ఇమొగొలైట్ అనే అతిసూక్ష్మ ఖనిజాలుగా మార్చేశాయి. వేసిన భాస్వరం ఎరువును అవి గట్టిగా పట్టేసుకుంటాయి, పైరుకు అందేది కొంచెమే. రైతు పాలిట అక్షరాలా బూడిదలో పోసిన పన్నీరు! అలాంటి నేలను పొలంలోనే గుర్తుపట్టే పరీక్ష ఒకటుంది. ఫినాఫ్తలీన్ కాగితం మీద చిటికెడు మట్టి వేసి సోడియం ఫ్లోరైడ్ ద్రావణం చుక్కలు వదిలితే, క్షారగుణం ఎగబాకి కాగితం ఎర్రబడుతుంది. జ్వాలాపురం ఉన్న జుర్రేరు లోయలో మాత్రం పైన మట్టి కప్పడం, వానలు తక్కువ కావడం కలిసొచ్చి గాజు గాజుగానే మిగిలింది.

2007లో మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ల బృందం ఈ బూడిదకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని ‘సైన్స్’ పత్రికలో ప్రకటించింది. రెండింటి తీరూ దగ్గరగా ఉంది కాబట్టి ఇక్కడి మనుషులు ఆ ఉత్పాతాన్ని తట్టుకుని నిలిచారన్నది వారి వాదన. ఆ పొరల్లో మనుషుల ఎముకలు దొరకలేదు గనుక వాళ్లెవరన్న చర్చ ఇంకా తెగలేదు. అది తెగాలంటే పార తగలని పొర మిగలాలి.

ఊళ్లో ఎవరి పొట్టా కొట్టనక్కర్లేదు. మిగిలిన గోతుల్లో కొన్నింటి గోడలకైనా ప్రభుత్వం కంచె వేయించాలి. ఎక్కడైనా తవ్వకానికి అనుమతి ఇస్తే, ముందుగా పైనుంచి అడుగు దాకా నమూనాలు తీయించి జిల్లాలోనే భద్రపరచాలి. నేరుగా ఆకాశం నుంచి రాలిన బూడిద అడుగున కొద్ది సెంటీమీటర్లే. పైనున్న మందమంతా చుట్టుపక్కల గుట్టల మీంచి వాననీరు కడిగి తెచ్చి పోసినదే. తోముడు పొడికి రెండూ ఒకటే కాబట్టి, అడుగున బెత్తెడు వదిలేసి తవ్వాలన్న షరతుతో తవ్వేవారికి పెద్దగా నష్టం ఉండదు.