పేట బడి

బెజవాడ వంటి పట్టణమున పురపాలక పాఠశాల మంచిచెడ్డలను మనవారు గోడల సున్నమును జూచి నిర్ణయించుచున్నారు. సున్నము వలదని మేమనము; 2019లో మొదలైన ‘నాడు-నేడు’ వలన మరుగుదొడ్లును, మంచినీళ్లును సమకూడుట మేలే. కాని బడికి ప్రాణము ఉపాధ్యాయుడు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రాథమిక తరగతులలో 30 మంది పిల్లలకొక్క ఉపాధ్యాయుని విధించి, ఆ చేతితోనే ఆతనిని జనాభా లెక్కలకును, ఎన్నికలకును పంపుటకు సెలవిచ్చినది! ఆ దినములలో తరగతి నెవరు నడుపవలయును?

పాఠశాల యాజమాన్య సంఘమున నూటికి 75 వంతులు తలిదండ్రులే యుండవలయుననియు, సగము స్త్రీలుండవలయుననియు ఆ చట్టమే చెప్పుచున్నది. ఇది గొప్ప యధికారము. అయినను పట్టపగలు సమావేశము పెట్టినచో కూలికిబోవు తల్లి యెట్లు రాగలదు? ఆమె లేని సభలో వ్రాలు మాత్రమే మిగులును. తమ బిడ్డలను ప్రైవేటు బడులకంపి పేట బడిని దూషించు విద్యాధికులకు ఈ సంగతి పట్టదు. పురపాలక సంఘమువారైనను సమావేశములను రాత్రి 7 గంటలకు జరిపింపవలయునని కోరుచున్నాము.