అభిషేక్ 141 కొట్టాడు సరే.. కొత్త బంతి సంగతేంటి? సన్‌రైజర్స్ అసలు తలనొప్పి ఇదే!

టార్గెట్ 246. పడింది రెండే వికెట్లు. ఇంకా 9 బంతులు మిగిలే ఉన్నాయి. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్ కింగ్స్‌పై సన్‌రైజర్స్ హైదరాబాద్ గెలిచిన తీరు ఇది. అభిషేక్ శర్మ 55 బంతుల్లో 141 పరుగులు బాదాడు. అప్పటికి ఐపీఎల్‌లో భారత బ్యాటర్‌కి ఇదే అత్యధిక స్కోరు. ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా ఆరెంజ్ ఆర్మీ ఫ్యాన్స్‌కి పండగే.

కానీ అదే మ్యాచ్‌ మొదటి సగం చూస్తే కథ వేరు. మహ్మద్ షమీ 4 ఓవర్లలో 75 పరుగులిచ్చాడు. వికెట్ లేదు. అప్పటికి ఐపీఎల్ చరిత్రలో ఇది రెండో అత్యంత ఖరీదైన స్పెల్. పంజాబ్ ఓపెనర్లు తొలి 4 ఓవర్లలోనే 66 కొట్టేశారు. అభిషేక్ ఆడాడు కాబట్టి సరిపోయింది. లేదంటే ఇది వరుసగా ఐదో ఓటమి అయ్యేది.

రెండు వికెట్లు తీస్తారు.. తర్వాత?

ఓడిన నాలుగు మ్యాచ్‌లను గమనిస్తే ఒక విషయం తెలుస్తుంది. కొత్త బంతితో వికెట్లే పడలేదా అంటే, పడ్డాయి. లక్నో 4 పరుగులకే తొలి వికెట్ కోల్పోయింది. కోల్‌కతా, గుజరాత్ రెండూ 16 పరుగులకే రెండేసి వికెట్లు పోగొట్టుకున్నాయి. షమీ, కెప్టెన్ ప్యాట్ కమిన్స్ తమ పని తాము చేశారు.

ఆ తర్వాతే అసలు సమస్య. లక్నోపై మార్ష్, పూరన్ 43 బంతుల్లో 116 జోడించారు. కోల్‌కతాపై మూడో వికెట్‌కి 81. గుజరాత్‌పై మూడో వికెట్‌కి 90. విశాఖలో ఢిల్లీపై అయితే ఆ ఆరంభం కూడా దక్కలేదు. తొలి వికెట్‌కే 81 వచ్చాయి.

అంటే ఇద్దరు బౌలర్లు బిగించిన పట్టును మూడో బౌలర్ వదిలేశాడు. పవర్‌ప్లేలో సర్కిల్ బయట ఇద్దరే ఫీల్డర్లు ఉంటారు. అక్కడ ఒక్క ఓవర్ గాడి తప్పినా మ్యాచ్ చేజారుతుంది. గుజరాత్‌పై సిమర్‌జీత్ వేసిన ఒకే ఒక్క ఓవర్‌లో 20 పరుగులొచ్చాయి. హర్షల్ పటేల్ ఉన్నాడు కదా అంటే, స్లో బాల్స్ వేసే అతని బలం చివరి ఓవర్లలో.

బ్యాటర్లు కూడా తడబడ్డారు, అది నిజమే. 190, 163, 120, 152 స్కోర్లతో గెలవడం కష్టం. అయినా లక్నో 16.1, ఢిల్లీ 16, గుజరాత్ 16.4 ఓవర్లలోనే పని ముగించేశాయి. ఓటమి ఒక దెబ్బ, నెట్ రన్‌రేట్ పడిపోవడం ఇంకో దెబ్బ.

బీజం వేలానికి ముందే పడిందా?

రిటెన్షన్‌లో క్లాసెన్‌కి 23 కోట్లు, కమిన్స్‌కి 18, అభిషేక్, హెడ్‌లకు చెరో 14, నితీశ్ రెడ్డికి 6. మొత్తం 75 కోట్లు. 120 కోట్ల పర్సులో మిగిలింది 45 కోట్లే. ఆ ఐదుగురిలో అసలైన బౌలర్ ఒక్కడే. ఆ తర్వాత వేలంలో షమీని 10 కోట్లకు, హర్షల్‌ని 8 కోట్లకు కొన్నారు. 2014 నుంచి కొత్త బంతి పట్టిన భువనేశ్వర్ కుమార్ 10.75 కోట్లకు బెంగళూరు వెళ్లిపోయాడు. నటరాజన్ అదే ధరకు ఢిల్లీ చేరాడు. చీలమండ సర్జరీతో ఏడాదిదాకా ఆటకు దూరమైన 34 ఏళ్ల షమీపై 2025 సీజన్‌లో మొత్తం భారం పడింది.

మన దగ్గర కొత్త బంతి పట్టేదెవరు?

జమ్మలమడుగు అయినా, ప్రొద్దుటూరు అయినా మన కుర్రాళ్లు ఎక్కువగా ఆడేది టెన్నిస్ బాల్‌తోనే. స్వింగ్, సీమ్ మాత్రం లెదర్ బాల్‌తో, టర్ఫ్ వికెట్‌పై సాధన చేస్తేనే వస్తాయి. అయినా మనవాళ్లకు చేతకాదని కాదు. 2021 వేలంలో కడప జిల్లా పేసర్ హరిశంకర్ రెడ్డిని చెన్నై 20 లక్షలకు తీసుకుంది. అలాంటి వాళ్లు పదిమంది తయారైతే, మూడో పేసర్ కోసం ఫ్రాంచైజీలు ఇంత వెతుక్కోవాల్సిన పని ఉండదు.

అప్పుడేం చేయాల్సింది?

అప్పుడు చేతిలో ఉన్న మార్గం ఒకటుంది. పవర్‌ప్లే ఆరు ఓవర్లలో ఐదు షమీ, కమిన్సే వేయాల్సింది. షమీని ఆఖరి ఓవర్‌కి దాచితే ఏమైందో పంజాబ్ మ్యాచ్‌లో చూశాం. స్టొయినిస్ వరుసగా నాలుగు సిక్సులు కొట్టాడు.

అప్పటికి ఆరు మ్యాచ్‌ల్లో రెండే విజయాలు, 4 పాయింట్లు. సాధారణంగా ప్లేఆఫ్స్‌కి కావాల్సిన 16 పాయింట్లు రావాలంటే మిగిలిన 8 మ్యాచ్‌ల్లో 6 గెలవాల్సిన పరిస్థితి. ఆ తర్వాతి పరీక్ష 2025 ఏప్రిల్ 17న వాంఖడేలో ముంబైతో ఉండింది. అభిషేక్ ప్రతి రోజూ 141 కొట్టడు. మూడో ఓవర్ నుంచి బంతి ఎవరి చేతికి వెళ్తుందన్న దానిపైనే సన్‌రైజర్స్ ఆ సీజన్ ఆధారపడి ఉండింది.