క్రిములన్నియు శత్రువులేనా?

మా పాఠశాలలో ఏ తరగతి విద్యార్థి నడిగినను, బాక్టీరియా యనగానే కలరా, క్షయ, సన్నిపాతజ్వరము అను పేర్లు వరుసగా చెప్పును. చేతులు సబ్బుతో కడుగుకొనవలెననియు, నీరు కాచి త్రాగవలెననియు చెప్పును. అది మంచిదే, ఆ పాఠమును మేము తక్కువ చేయము. కాని అదే బాలుడు తన తండ్రి పొలములో వేరుసెనగ మొక్కను పెరికి, వేళ్ళకు అంటియున్న చిన్న చిన్న బుడిపెలను చూచి, "దీనికి చీడ పట్టినది" అనును. తప్పు బాలునిది కాదు, మన మతనికి అందించిన మాటలది. సూక్ష్మజీవికి "క్రిమి" యని పేరు పెట్టితిమి. చేనిలో చల్లు విషమునకు "క్రిమిసంహారి" యని పేరు పెట్టితిమి. ఇక ఆ మాట విన్నవానికి సంహరింపవలెనను తలంపు గాక వేరొక తలంపు ఎట్లు కలుగును?

ఆ బుడిపెలు చీడ కావు. అవి మొక్క తన యింట కట్టియిచ్చిన గదులు. గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజని యున్నను, ఏ మొక్కయు దానిని నేరుగా గ్రహింపజాలదు. కాయధాన్యపు మొక్కలు బుడిపెలలోని సూక్ష్మజీవుల మూలమున గాలినుండి నత్రజనిని పొందుచున్నవని జర్మనీ దేశస్థుడగు హెల్రీగెల్ 1886 లో ప్రకటించెను. 1888 లో హాలండు శాస్త్రజ్ఞుడు బైయరింక్ ఆ సూక్ష్మజీవులను వేరుచేసి పెంచి చూపెను. ఎరువుల కర్మాగారములో నత్రజనిని లొంగదీయుటకు నాలుగువందల డిగ్రీలకు మించిన వేడియు, మిక్కుటమైన ఒత్తిడియు కావలెను. హోసూరు, డెంకణీకోట ప్రాంతముల మెట్టపొలములో అదే పని చల్లని మట్టిలో, చప్పుడు లేకుండ జరుగుచున్నది.

అది జరుగు తీరు ఇంకను చిత్రమైనది. వేరు మట్టిలోనికి కొన్ని రసాయనములను విడుచును. తగిన సూక్ష్మజీవి వానిని గుర్తించి, తానొక రసాయనమును బదులు పంపును. ఆ బదులు సరియైనదైననే వేరు దారి యిచ్చును. అనుము మొదలగు పెక్కు మొక్కలలో వేరునూగు కొక్కెమువలె వంగి సూక్ష్మజీవిని లోనికి తీసికొనును. వేరుసెనగలో ఆ పద్ధతి లేదు. పిల్లవేళ్ళు పుట్టుకొచ్చు చోట ఏర్పడు సన్నని పగుళ్ళగుండ అవి ప్రవేశించును. లోపల మొక్క చక్కెర పెట్టును, సూక్ష్మజీవి నత్రజని నిచ్చును. పనిచేయుచున్న బుడిపెను గోటితో చీల్చినచో లోపల ఎఱ్ఱగా నుండును. మన నెత్తుటిలోని ఎఱ్ఱని పదార్థమునకు దగ్గరి చుట్టమైన పదార్థమొకటి అచ్చట ప్రాణవాయువును పట్టియుంచును. ఏలనన, నత్రజనిని మార్చు ఎంజైము ప్రాణవాయువు తగిలినచో చెడిపోవును.

ఇది కేవలము స్నేహమని ఎవరైన పాట కట్టదలచినచో తొందరపడవలదు. చక్కెర తిని నత్రజని ఈయని సూక్ష్మజీవుల గతి యేమగునని 2003 లో సోయాచిక్కుడు మీద పరీక్షించిరి. అట్టి బుడిపెలకు మొక్క ప్రాణవాయువును తగ్గించెను. వానిలో సూక్ష్మజీవుల సంతతి తక్కువైనది. మట్టిలో నత్రజని సమృద్ధిగా నున్నచో మొక్క బుడిపెలను పెట్టుటయే తగ్గించును. కావున వేరుసెనగకు యూరియా బస్తాలు దిమ్మరించు రైతు, ఊరక వచ్చు దానిని మాన్పి వెల యిచ్చి కొనుచున్నాడన్నమాట. రాగిచేలో నడుమ నడుమ అనుముల సాలు వేసిన మన పెద్దలకు బైయరింక్ పేరు తెలియదు. రాగులకు అప్పటికప్పుడు దక్కునది స్వల్పమే యైనను, అనుముల వేళ్ళును ఆకులును కుళ్ళిన పిమ్మట మరుసటి పంటకు బలము చేకూరునని వారెరుగుదురు.

మొక్కలకు కీడు చేయు సూక్ష్మజీవులు లేవని మేమనుటలేదు. ఆగ్రోబాక్టీరియము అను నొకటి కాండముపై కణితి పుట్టించునని 1907 లో అమెరికాలో స్మిత్, టౌన్సెండు అనువారు చూపిరి. అది తన జన్యువులలో కొన్నిటిని మొక్క కణములోనికి చొప్పించి, తనకు కావలసిన ఆహారమును మొక్కచేతనే వండించుకొనును! ఇంతటి దొంగను 1983 నాటికి శాస్త్రజ్ఞులు పనివానిగా కుదుర్చుకొని, మొక్కలలో కోరిన జన్యువులను ప్రవేశపెట్టుటకు వాడుకొనిరి.

ఇక సముద్రము. మా పిల్లలలో పెక్కుమంది సముద్రమును చూడలేదు. కాని మన రాష్ట్రముననే రామనాథపురము తీరమున స్త్రీలు నీట మునిగి సముద్రపు నాచును సేకరించి జీవించుచున్నారు. ఆ నాచులకును సూక్ష్మజీవులు లేక గడవదు. ఉల్వా యను పచ్చని నాచు సాధారణముగా పలుచని ఆకువలె పెరుగును. దానిని సూక్ష్మజీవులు లేని నీటిలో పెంచినచో ఆకు రూపము రానే రాదు. ఆకారములేని కణముల ముద్దగా మిగులును. తగిన బాక్టీరియాను చేర్చిన, మరల ఆకు విచ్చుకొనును. ఒక ప్రాణి రూపము దాల్చుటకే మరొక ప్రాణి తోడు కావలసి వచ్చుట మమ్ము మిక్కిలి ఆశ్చర్యపరచిన సంగతి. పరీక్షించిన శైవలజాతులలో సగమునకు పైగా బి12 విటమినుకై పరుల మీద ఆధారపడుచున్నవనియు, దాని నిచ్చునవి బాక్టీరియాలేననియు 2005 లో తెలియవచ్చెను.

అచ్చటను స్నేహము శాశ్వతము కాదు. ఎమిలియానియా అను కంటికి కనబడని శైవలమునకు ఒక బాక్టీరియా పెరుగుదల మందు నిచ్చి, ఇతర సూక్ష్మజీవులనుండి కాపాడును. శైవలము ముదిసి శిథిలమగుచు ఒక రసాయనమును విడువగానే, ఆ కావలివాడే విషము తయారుచేసి దానిని చంపునని 2011 లో కనుగొనిరి. దీనికి భిన్నమైనది 2024 నాటి వార్త: ఒక సముద్ర శైవలములో నత్రజనిని పట్టు బాక్టీరియా ఎంత కాలముగానో కాపురముండి, ఇక విడిగా బ్రతుకజాలక, ఆ కణములో ఒక అంగమే యైపోయినదని తేల్చిరి. దానికి నైట్రోప్లాస్టు అని పేరు.

ఇట్టి సంగతిని శత్రువు, మిత్రుడు అను రెండు మాటలతో చెప్పుట సాధ్యము కాదు. ఇచ్చుట, పుచ్చుకొనుట, కనిపెట్టియుండుట, శిక్షించుట, మోసగించుట, కలిసిపోవుట అను మాటలన్నియు కావలెను. ఆ మాటలు పిల్లలకు ఇంటిలోనే కలవు. అయినను తల్లిదండ్రులు మాతో, "అయ్యా, పద్యములకు తెలుగు చాలును, సైన్సుకు ఇంగ్లీషు పెట్టించెదము" అనుచున్నారు. ఏటేట తెలుగు తరగతిలో బల్లలు ఖాళీ యగుచున్నవి. వారి భయము మాకు తెలియును. పిల్లలకు పై చదువులున్నవి, 2006 నాటి చట్టముననుసరించి తమిళమును తప్పక నేర్వవలెను, నేర్చుచున్నారు, ఇంగ్లీషును నేర్వవలసినదే. కాని ఎనిమిదవ తరగతి బాలునికి ఇంగ్లీషులో కంఠస్థమగునది "బాక్టీరియా" అను మాట మాత్రమే, బుడిపెను చూచి "ఇది ఏల ఎఱ్ఱగానున్నది?" అని అతడు అడుగునది తెలుగున. ఆ ప్రశ్న పుట్టు చోటును మూసివేసి జవాబులు మాత్రము వల్లింపజేయుట మాకు సమ్మతము కాదు.

అట్లని ప్రతి మాటకు సంస్కృతమున నొక జవాబు వెదకుటయు మాకు ఇష్టము లేదు. పొరుగు రాష్ట్రమున మేము శిక్షణ పొందిన కాలమున "శైవలము" అని నేర్చితిమి. ఇచ్చటి పిల్లలకు "పాచి" యన్నచో వెంటనే తెలిసినది. సముద్రతీరపు తమిళులు దానినే "పాసి" యందురు. బాక్టీరియా బాక్టీరియాగానే యుండవచ్చును. వాక్యము తెలుగుదైన చాలును.

ఈ వానకారున వేరుసెనగ పూతకు వచ్చిన పిమ్మట, మెట్టపొలము గల తల్లిదండ్రులు ఒక మొక్కను పెరుకక, మట్టిపెళ్ళతో సహా పారతో త్రవ్వి, నీటిలో మెల్లగా జాడించి, పిల్లలచేత బడికి పంపవలెనని కోరుచున్నాము. యూరియా వేసిన చేనినుండి ఒకటి, వేయని చేనినుండి ఒకటి వచ్చినచో మరింత మేలు. బుడిపెలు లెక్కించి, చీల్చి, లోపల ఎఱుపో, తెలుపో, ఆకుపచ్చయో చూచి, కనిపించినదానిని పిల్లలు తమ యింటి తెలుగున వ్రాసి తేవలెను. ఆ వ్రాతలకు రాబోవు సంచికలో రెండు పుటలు ఉంచితిమి.