ప్రేమకథలకు సాక్ష్యం అడగనివాళ్లు

హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున్నే జరిగే హెరిటేజ్ వాక్‌లలో ఆడవాళ్ల ప్రస్తావన లేదని ఎవరూ అనలేరు. చార్మినార్ దగ్గర భాగమతి, కోఠీ రెసిడెన్సీలో ఖైరున్నీసా, మౌలాలి గుట్ట కింద మహలఖా బాయి చందా. ముగ్గురూ అందగత్తెలే. ముగ్గురి కథలోనూ ఎవరో ఒక గొప్ప మగవాడుంటాడు. అంతటితో వాళ్ల చరిత్ర అయిపోతుంది. గైడు పక్క దర్వాజా వైపు దారితీస్తాడు.

నేనూ ఈ నగరంలో కొన్నేళ్లుగా ఇలాంటి నడకలు నడిపిస్తున్నదాన్నే. అందుకే ఈ మాట లోపలినుంచే అంటున్నాను: కట్టడాల పక్కన ఆడవాళ్లని అలంకారానికి నిలబెట్టి, దానికి స్త్రీల చరిత్ర అని పేరు పెట్టుకుంటున్నాం.

ముందు సాక్ష్యం సంగతి చూద్దాం. స్త్రీల గురించి ఇంకో రెండు మాటలు చేరుద్దామంటే నిర్వాహకులు వెంటనే "ఆధారాలున్నాయా మేడం?" అంటారు. మంచి ప్రశ్నే. కానీ భాగమతి విషయంలో అది ఎవరికీ గుర్తురాదేం? ఆమె అసలు ఉందా లేదా అన్నది చరిత్రకారుల మధ్య తేలని వివాదం. కుతుబ్‌షాహీల చరిత్ర రాసిన హరూన్ ఖాన్ షేర్వానీ ఆ కథని ఒప్పుకోలేదు. అయినా ప్రతి వాక్‌లోనూ కులీ ఆమె కోసం వరదలో ఉన్న మూసీని గుర్రం మీద దాటుతూనే ఉంటాడు.

ఇప్పుడు నల్లకుంటకి రండి. 1978 మార్చిలో అక్కడి పోలీస్ స్టేషన్‌లో రమీజాబీపై పోలీసులు అత్యాచారం జరిపారు. రిక్షా తొక్కే ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ వాళ్ల దెబ్బలకి చనిపోయాడు. జనం తిరగబడ్డారు. కాల్పులు, కర్ఫ్యూ. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారించి పోలీసులదే నేరమని తేల్చింది. తర్వాత కేసు రాయచూరుకి బదిలీ అయింది, నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. దీనంతటిలోనూ బోనులో నిలబడింది ఆమె శీలమే. హైదరాబాద్ స్త్రీవాదులు ఎందరికో ఆ కేసు ఒక మలుపు. భాగమతికి ఆధారం లేదు, కథ ఉంది. రమీజాబీకి కమిషన్ నివేదిక ఉంది, వాక్‌లో చోటు లేదు.

నల్లకుంటని నా దారిలో చేర్చినప్పుడు ఒక నిర్వాహకుడు, "జనం హాయిగా గడపడానికొస్తారు, పొద్దున్నే ఇవన్నీ ఎందుకు?" అన్నాడు. ఎవరి హాయి? ఖైరున్నీసా కథ మాత్రం హాయిగా ఉందా? కిర్క్‌పాట్రిక్ జీవితంలోకి వచ్చేనాటికి ఆమె పధ్నాలుగు పదిహేనేళ్ల పిల్ల. 1805లో పిల్లలిద్దర్నీ ఇంగ్లండ్ పంపించేశారు. అదే ఏడాది అతను కలకత్తాలో పోయాడు. తర్వాత ఆమెకి దగ్గరైన హెన్రీ రస్సెల్ ఆమెని మచిలీపట్నంలో వదిలేసి ఇంకో పెళ్లి చేసుకున్నాడు. 1813లో, ముప్ఫై నిండకుండానే, కన్నపిల్లల్ని మళ్లీ చూడకుండానే ఆమె చనిపోయింది. ఇదంతా చెప్తే అది ప్రేమకథ కాకుండా పోతుంది. అందుకే రంగమహల్ దగ్గరే ఆపేస్తారు.

మహలఖాకీ అంతే. ఆమె ఉర్దూలో దీవాన్ ఉన్న కవయిత్రి, జాగీరున్న మనిషి. మౌలాలిలోని ఆ సమాధిని తల్లి కోసం తనే కట్టించింది. గైడు మాత్రం ఆమె ఎవరి దర్బారులో ఆడిందో చెప్తాడు.

లోపం గైడు నోట్లోనే లేదు, దారిలోనే ఉంది. వాక్ అంటే ఒక కట్టడం నుంచి ఇంకో కట్టడానికి గీసిన గీత. కట్టడాలు నవాబులవి, దొరలవి. ఆ గీత మీద నడిచినంతకాలం ఎవరెంత మంచి మనసుతో చెప్పినా వినపడేది కట్టించినవాళ్ల చరిత్రే. మార్చి 8న 'లేడీస్ స్పెషల్ వాక్' పెట్టినా అదే గీత, అదే కథ.

రెసిడెన్సీనే తీసుకోండి. దొరలు అందులో ఉన్నది నూట నలభై ఏళ్లు. 1949 నుంచి అది ఆడపిల్లల కాలేజీ. ఇంట్లో ఎన్ని పోరాటాలు చేసి ఎంతమంది ఆ మెట్లెక్కారో! దాని గురించి ఒక్క వాక్యం ఉండదు. 2024లో అక్కడి మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. సంతోషమే. కానీ దున్నుకున్న భూమి కోసం దేశ్‌ముఖ్‌కి ఎదురు నిలిచిన ఆ మనిషి కథని గేటు దగ్గర ఎవరు చెప్తున్నారు?

సాహిత్య నడకలదీ ఇదే తీరు. సుల్తాన్ బజార్‌లో 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ముందు ఆగి పెద్దమనుషుల పేర్లు చదువుతాం. 1935లో మొదలైన ఆంధ్ర యువతీ మండలి, అందులో పనిచేసిన ఇల్లిందల సరస్వతీదేవి గుర్తురారు. జీలానీ బానో 'ఐవానె గజల్' నవలలో దేవిడీల లోపల ఆడవాళ్ల బతుకంతా ఉంది. ఆ లోపలికి టికెట్టు కొని వెళ్లలేం. వెళ్లలేకపోతే గోడ బయటే నిలబడదాం, అక్కడే ఆ పేజీలు చదువుదాం. గోడ ఎందుకు అంత ఎత్తుగా ఉందో కూడా మాట్లాడుకుందాం.

ఇంకొకరిని కూడా చూడాలి. మనం కెమెరాలతో చేరేసరికే చార్మినార్ చుట్టూ ఊడ్చి ఉంటుంది. ఊడ్చింది ఎక్కువగా దళిత స్త్రీలు. చీకటితోనే ఈ వీధుల్లో నడిచేది వాళ్లు. ఫొటోలో చీపురు పడకుండా పక్కకి జరగమని వాళ్లకి చెప్పడం నేను కళ్లారా చూశాను. వారసత్వాన్ని కాపాడుతున్నవాళ్లని వారసత్వపు ఫొటోలోంచి తీసేయడం ఏం మర్యాద?

రచయితలకీ, పాఠాలు చెప్పే స్నేహితులకీ నాదొక డిమాండ్. స్త్రీ శక్తి సంఘటన 1986లోనే 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల నోట విన్న చరిత్ర అది. తర్వాత మనం ఎన్నో సెమినార్లు పెట్టుకున్నాం, పీహెచ్‌డీలు చేయించాం. అదంతా గదుల్లోనే ఉంది. వీధిని మాత్రం ప్రేమకథలకి వదిలేశాం. మీ విద్యార్థుల్ని ఈ నెలలో ఒక్కరోజు బయటికి తీసుకురండి. కోఠీలో మొదలుపెట్టి సుల్తాన్ బజార్, కాచిగూడ మీదుగా నల్లకుంట దాకా నడవండి. ఫొటో తీసుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. అయినా ఆగండి. ఆమె పేరు పైకి చెప్పండి, ఏం జరిగిందో చెప్పండి, తీర్పేమయిందో కూడా చెప్పండి.